తలుపు తీశారు సరే, ఎంత తీశారు? స్క్వాష్, ఒలింపిక్స్ కథ

(క్రీడాభిమానుల సమావేశంలో ఒక క్రీడా విలేకరి చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని టైపు చేశాం. తడబాట్లు మాత్రమే తీసేశాం.)

అందరికీ నమస్కారం. ముందు ఒక ప్రశ్న. ఇక్కడున్నవాళ్లలో స్క్వాష్ కోర్టు లోపలికి వెళ్లి రాకెట్ పట్టుకున్నవాళ్లు ఎంతమంది? చేతులెత్తండి. చూశారా, వేళ్ల మీద లెక్కపెట్టేయొచ్చు. ఇదే ప్రశ్న షటిల్ గురించి అడిగితే చెయ్యెత్తనివాళ్లని లెక్కపెట్టుకోవాల్సి వచ్చేది. కాబట్టి ఆట గురించి రెండు ముక్కలు చెప్పి అసలు విషయంలోకి వస్తాను. తెలిసినవాళ్లు కాస్త ఓపిక పట్టండి.

నాలుగు గోడల గది. పొడవు 9.75 మీటర్లు, వెడల్పు 6.4 మీటర్లు. నెట్ ఉండదు. ఇద్దరు ఆటగాళ్లూ ఒకే వైపు నిలబడి ఒకే గోడకి బంతిని కొడతారు. ముందు గోడ అడుగున ఒక పట్టీ ఉంటుంది, దాన్ని టిన్ అంటారు. బంతి దానికి తగిలి టప్‌మంటే పాయింట్ పోయినట్టే. ఇక బంతి. 24 గ్రాముల రబ్బరు బంతి, లోపల గాలి తప్ప ఏమీ లేదు. పెద్ద పోటీల్లో వాడే బంతి మీద రెండు పసుపు చుక్కలుంటాయి, అంటే అన్నిటికన్నా తక్కువ ఎగిరే రకం అన్నమాట. డబ్బాలోంచి తీసి కింద పడేస్తే అక్కడే చతికిలబడుతుంది. అందుకే మ్యాచ్‌కి ముందు ఇద్దరూ కలిసి దాన్ని గోడకేసి బాది బాది వేడెక్కిస్తారు. కాసేపటికి చేత్తో పట్టుకుంటే వెచ్చగా తగులుతుంది. అప్పుడు గానీ అది లేవదు. ప్రత్యర్థులిద్దరూ ముందు కలిసి బంతిని బతికించుకుని, ఆ తర్వాత కొట్లాడుకుంటారు. నాకు ఈ ఆటలో బాగా నచ్చేది అదే.

సరే, అసలు విషయం. 2023 అక్టోబర్ 16. ముంబైలో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ సమావేశం. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో ఐదు ఆటలు చేరుస్తున్నామని ఆమోదించారు. ఆ రోజు మన టీవీల్లో ఏం వచ్చింది? క్రికెట్, క్రికెట్, క్రికెట్. 1900 తర్వాత ఒలింపిక్స్‌లోకి క్రికెట్ మళ్లీ వస్తోందని పండగ చేసుకున్నాం. తప్పేం లేదు. కానీ అదే తీర్మానంలో, అదే కాగితం మీద, బేస్‌బాల్-సాఫ్ట్‌బాల్, ఫ్లాగ్ ఫుట్‌బాల్, లక్రాస్‌తో పాటు స్క్వాష్ కూడా ఉంది. క్రికెట్‌కి అది తిరిగి రావడం. స్క్వాష్‌కి మొట్టమొదటిసారి. మొట్టమొదటిసారి! ఇంగ్లండ్‌లో హారో స్కూల్ కుర్రాళ్లు 19వ శతాబ్దం మొదటి సగంలోనే ఆడుకున్న ఆటకి ఒలింపిక్స్‌లో చోటు దొరకడానికి 2028 దాకా పట్టింది.

మరి అంతకాలం ఏం చేశారు? అడగలేదా? అడిగారు. అడిగి అడిగి అలిసిపోయారు. 2005లో సింగపూర్ సమావేశం. 2012 లండన్ క్రీడల నుంచి బేస్‌బాల్, సాఫ్ట్‌బాల్ తీసేశారు, వాటి చోటు ఖాళీ అయింది. ఐదు ఆటలు పోటీపడితే చివరికి స్క్వాష్, కరాటే మిగిలాయి. అబ్బ, వచ్చేసింది అనుకున్నారు. కానీ కొత్త ఆట రావాలంటే మూడింట రెండొంతుల ఓట్లు కావాలి. స్క్వాష్‌కి సగం ఓట్లు కూడా పడలేదు. ఆ ఖాళీలు ఖాళీగానే ఉండిపోయాయి. అప్పుడు ప్రపంచ స్క్వాష్ సమాఖ్య అధ్యక్షుడు ఎవరనుకున్నారు? జహంగీర్ ఖాన్. బ్రిటిష్ ఓపెన్ వరసగా పదిసార్లు గెలిచినవాడు, 1981 నుంచి 1986 దాకా 555 మ్యాచ్‌లు ఓటమి లేకుండా ఆడాడని చెప్పుకునే పాకిస్తాన్ ఆటగాడు జహంగీర్ ఖాన్. కోర్టులో అన్నేళ్లు ఓడని మనిషి కమిటీ గదిలో ఓడిపోయాడు.

2009లో మళ్లీ. 2016 రియో కోసం. ఈసారి గోల్ఫ్, రగ్బీ సెవెన్స్ వెళ్లాయి. 2013లో మళ్లీ, 2020 కోసం. ఇది వినండి, దీనికి నవ్వాలో ఏడవాలో తెలీదు. ఆ ఏడాది ఫిబ్రవరిలో కుస్తీని ఒలింపిక్స్ నుంచి తప్పించాలని ఒలింపిక్ కమిటీ కార్యవర్గం సిఫారసు చేసింది. కుస్తీని! పురాతన ఒలింపిక్స్‌లోనే ఉన్న ఆట. ప్రపంచమంతా గోల పెట్టింది. దాంతో ఖాళీ అయిన ఒక్క చోటుకి స్క్వాష్, బేస్‌బాల్-సాఫ్ట్‌బాల్‌తో పాటు కుస్తీ కూడా దరఖాస్తు పెట్టుకుంది. సెప్టెంబర్‌లో బ్యూనస్ ఎయిరిస్‌లో ఓటింగ్. కుస్తీకి 49, బేస్‌బాల్-సాఫ్ట్‌బాల్‌కి 24, స్క్వాష్‌కి 22. అంటే బయటికి పంపినవాణ్ణే మళ్లీ లోపలికి పిలిచారు. కొత్త ఆట రాలేదు. ఒక ఆట పోలేదు. మరి ఆ ఏడు నెలల హడావుడి ఎందుకు?

పెళ్లికి పిలుస్తారని ప్రతిసారీ పట్టుచీర బయటికి తీయడం, పిలుపు రాక మళ్లీ బీరువాలో పెట్టుకోవడం. ఇదీ స్క్వాష్ పరిస్థితి.

ఎందుకు రానివ్వలేదు? ఒక కారణం టీవీ అన్నారు. చిన్న నల్ల బంతి, తెల్ల గోడలు, కెమెరా పెట్టడానికి చోటు లేదు అన్నారు. ఒకప్పుడు నిజమే. తర్వాత నాలుగు వైపులా గాజు గోడలు వచ్చాయి, లోపలివాళ్లకి గోడ, బయటివాళ్లకి అద్దం. ఆ కోర్టులో తెల్ల బంతి వాడతారు. ఆ గాజు గదిని విప్పి ఎక్కడికైనా మోసుకుపోవచ్చు. న్యూయార్క్‌లో గ్రాండ్ సెంట్రల్ రైల్వే స్టేషన్ లోపల పెట్టారు. 1996లో ఈజిప్టులో గీజా పిరమిడ్ల ముందు పెట్టారు. వెలుతుర్లో మెరిసే గాజు గది, వెనక పిరమిడ్. ఇంతకన్నా టీవీకి ఏం కావాలి? అయినా టీవీకి పనికిరాదన్న మాట ఇంకా చాలా ఏళ్లు వినబడింది.

ఆ పిరమిడ్ల టోర్నీ గురించి ఒక్కమాట చెప్పి ముందుకెళ్తాను. దాంట్లో అహ్మద్ బరాదా అని ఒక ఈజిప్టు కుర్రాడు ఫైనల్ దాకా వెళ్లి పాకిస్తాన్ ఆటగాడు జన్షేర్ ఖాన్ చేతిలో ఓడాడు. ఓడినా దేశమంతా చూసింది. ఆ తర్వాత ఈజిప్టులో పిల్లలు గుంపులు గుంపులుగా రాకెట్ పట్టారు. ఇవాళ ఈ ఆటని ఏలుతున్నది ఈజిప్టు. నూర్ ఎల్ షెర్బినీ 2025లో ఎనిమిదో ప్రపంచ టైటిల్ గెలిచింది. ఈజిప్టు సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ అవసరం పడుతుంది.

రెండో కారణం ఎవరూ పైకి చెప్పలేదు గానీ, నా ఉద్దేశంలో అదే అసలుది. ఇది క్లబ్బుల ఆటగా ముద్రపడింది. బ్రిటిషువాళ్లు ఎక్కడికి వెళ్తే అక్కడ ఆఫీసర్ల క్లబ్బులో ఒక కోర్టు కట్టుకున్నారు. మన దేశంలో పాత కోర్టులు ఎక్కడున్నాయో చూడండి, కంటోన్మెంట్లలో, జింఖానాల్లో, పెద్ద బడుల్లో. గేటు దగ్గర వాచ్‌మన్ ఉన్న చోట్ల. కానీ ఆ ముద్ర సగమే నిజం. పెషావర్‌లో హాషిమ్ ఖాన్ ఆఫీసర్ల క్లబ్బులో బంతులు అందించే కుర్రాడిగా మొదలయ్యాడు. ఆఫీసర్లు వెళ్లిపోయాక ఆడి నేర్చుకున్నాడు. 1951లో లండన్ వెళ్లి బ్రిటిష్ ఓపెన్ గెలిచాడు. ఆ క్లబ్బులో సభ్యత్వం లేని కుటుంబాల నుంచే ఆ ఖాన్లంతా వచ్చారు. ఒలింపిక్స్ అనేది వాళ్ల కాలంలో స్క్వాష్‌కి ఉండి ఉంటే పాకిస్తాన్ పతకాల పట్టిక ఎలా ఉండేదో ఊహించుకోండి.

మరి 2023లో ఏం మారింది? ఆట మారిందా? లేదు. నిబంధన మారింది. 2014 చివర్లో ఒలింపిక్ కమిటీ ఒక సంస్కరణ తెచ్చింది. ఆతిథ్య నగరం తనకి కావల్సిన ఆటలు కొన్నిటిని తన క్రీడల వరకు చేర్చమని అడగొచ్చు. టోక్యో కరాటే అడిగింది, పారిస్ బ్రేకింగ్ అడిగింది, అదేనండీ బ్రేక్ డాన్స్. ఆ రెండుచోట్లా స్క్వాష్ ఆశపడింది, ఆ రెండుచోట్లా రాలేదు. లాస్ ఏంజెలెస్ అడిగింది కాబట్టి వచ్చింది. అంతే. అమెరికాలో పెద్ద యూనివర్సిటీలు స్క్వాష్ జట్లు పెట్టి ప్రపంచమంతటి నుంచీ పిల్లల్ని తీసుకుంటాయి. అక్కడ అభిమానులున్నారు, డబ్బున్న అభిమానులున్నారు. ఇలా అంటే స్క్వాష్‌వాళ్లకి కోపం వస్తుంది. మా ఆట గొప్పతనం గుర్తించారు అని చెప్పుకోవాలని ఉంటుంది కదా. కానీ ఆట 2005లో ఎంత గొప్పదో 2023లోనూ అంతే గొప్పది. పిలిచేవాడు మారాడు.

నిజానికి ఎప్పుడూ ఇదే కథ. 1998లో కౌలాలంపూర్‌లో కామన్వెల్త్ క్రీడలు జరిగాయి. స్క్వాష్ మొదటిసారి అక్కడే వచ్చింది. క్రికెట్ కూడా అక్కడే వచ్చింది, సచిన్ కూడా వెళ్లాడు, గుర్తుందా? అదే ఏడాది డిసెంబర్‌లో బ్యాంకాక్ ఆసియా క్రీడల్లోనూ స్క్వాష్ వచ్చింది. అక్కడ మహిళల సింగిల్స్ స్వర్ణం గెలిచింది ఎవరో తెలుసా? మలేషియాకి చెందిన పదిహేనేళ్ల నికోల్ డేవిడ్. ఆ తర్వాత ఆమె 108 నెలలు వరసగా ప్రపంచ నంబర్ వన్. తొమ్మిదేళ్లు! ఎనిమిది ప్రపంచ టైటిళ్లు. అంతటి మనిషి ఏమందంటే, ఒక్క ఒలింపిక్ స్వర్ణం కోసం అప్పటిదాకా గెలిచిన ప్రపంచ టైటిళ్లన్నీ వదులుకుంటానంది. 2019లో రిటైరైపోయింది. ఒలింపిక్స్ ఆడకుండానే.

ఇది మనకి కొత్త బాధేం కాదు. మన కరణం మల్లీశ్వరిని తీసుకోండి. శ్రీకాకుళం జిల్లా, ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట. 1994లో ప్రపంచ చాంపియన్, 1995లో మళ్లీ ప్రపంచ చాంపియన్. మరి 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో ఏం గెలిచింది? ఏమీ గెలవలేదు. ఎందుకంటే అక్కడ ఆడవాళ్ల వెయిట్‌లిఫ్టింగే లేదు! మంచి ఊపు మీదున్న రోజుల్లో ఆమె ఇంట్లో కూర్చుని ఒలింపిక్స్ చూడాల్సిన పరిస్థితి. 2000లో సిడ్నీలో ఆ విభాగం మొదటిసారి పెట్టారు. పెట్టిన మొదటిసారే 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ. ప్రపంచ చాంపియన్ అయిన రోజున మల్లీశ్వరి ఎంతమందికి తెలుసు? సిడ్నీ తర్వాత ఎంతమందికి తెలుసు? ఎత్తే చెయ్యి అదే. ఎత్తిన చోటు మారింది. ఒక ఆటని పెద్ద క్రీడల్లో చేర్చడమంటే ఏమిటో మన తెలుగువాళ్లకి ఇంతకన్నా విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇప్పుడు మన స్క్వాష్‌వాళ్ల దగ్గరికి వద్దాం. 2006 దోహా ఆసియా క్రీడల్లో సౌరవ్ ఘోషాల్ కాంస్యం, మనకి ఆ క్రీడల్లో స్క్వాష్‌లో అదే మొదటి పతకం. 2014 ఇంచియాన్ ఆసియా క్రీడల సింగిల్స్ ఫైనల్లో ఘోషాల్ రెండు గేములు గెలిచేసి, మూడో గేములో మ్యాచ్ పాయింట్ దాకా, అంటే ఇంకొక్క పాయింట్ వస్తే మ్యాచ్ గెలిచేసే చోటు దాకా వెళ్లి, కువైట్ ఆటగాడి చేతిలో ఓడిపోయాడు. అది చూసినవాళ్లకి ఇప్పటికీ మింగుడుపడదు. కానీ కొద్ది రోజుల్లోనే అదే ఘోషాల్ జట్టుతో కలిసి టీమ్ స్వర్ణం గెలిచాడు. అదే ఏడాది గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో దీపికా పల్లికల్, జోష్నా చిన్నప్ప డబుల్స్ స్వర్ణం. దీపిక అంటే చాలామందికి దినేశ్ కార్తీక్ భార్య అనే గుర్తు. మన అలవాటు అది. 2022లో ఆవిడ కవలలు పుట్టిన ఆర్నెల్లకే ప్రపంచ డబుల్స్‌లో రెండు టైటిళ్లు గెలిచింది, మహిళల డబుల్స్ ఒకటి, మిక్స్‌డ్ ఒకటి. ఇది ఎంతమందికి గుర్తుంది?

ఇక హాంగ్జౌ ఆసియా క్రీడలు. 2023 సెప్టెంబర్ 30. టీమ్ ఫైనల్, పాకిస్తాన్‌తో. లీగ్ దశలో వాళ్ల చేతిలో ఓడిన జట్టే మనది. మొదటి మ్యాచ్ మహేశ్ మంగావ్‌కర్ ఓడాడు. రెండోది ఘోషాల్ గెలిచాడు. 1-1. మూడోది చెన్నై కుర్రాడు అభయ్ సింగ్, అవతల నూర్ జమాన్. రెండేసి గేములు. ఐదో గేము. 8-10. అంటే అవతలివాడికి రెండు మ్యాచ్ పాయింట్లు. ఒక్క బంతి టిన్‌కి తగిలితే స్వర్ణం పోయినట్టే. టెన్షన్ అంటే అదీ! అక్కణ్ణుంచి అభయ్ వరసగా నాలుగు పాయింట్లు తీసుకున్నాడు. 12-10. స్వర్ణం. ఆ తర్వాత మిక్స్‌డ్ డబుల్స్‌లో దీపిక, హరీందర్ పాల్ సంధు ఇంకో స్వర్ణం. పదిహేనేళ్ల అనాహత్ సింగ్ మిక్స్‌డ్ డబుల్స్‌లో, మహిళల టీమ్‌లో కాంస్యాలు తెచ్చుకుంది. మొత్తం ఐదు పతకాలు. అది జరిగిన రెండు వారాలకే ముంబైలో ఒలింపిక్ కమిటీ తీర్మానం. అందరం ఏమనుకున్నాం? ఇంకేముంది, లాస్ ఏంజెలెస్‌లో పతకం ఖాయం అనుకున్నాం. అవునా, కాదా?

ఇక్కడ ఆగండి. ఇవాళ నేను చెప్పదలుచుకున్నది ఇదే. నేను ఇప్పటిదాకా చెప్పిన స్వర్ణాలు ఒకసారి గుర్తు చేసుకోండి. 2014 ఇంచియాన్, టీమ్. 2014 గ్లాస్గో, డబుల్స్. 2023 హాంగ్జౌ, టీమ్, మిక్స్‌డ్ డబుల్స్. సింగిల్స్ స్వర్ణం ఉందా? ఒక్కటి కూడా లేదు. మరి లాస్ ఏంజెలెస్‌లో ఏముంది? సింగిల్స్. సింగిల్స్ మాత్రమే. మగవాళ్లు 16 మంది, ఆడవాళ్లు 16 మంది. టీమ్ లేదు, డబుల్స్ లేదు, మిక్స్‌డ్ లేదు. మనం గెలిచే తలుపులన్నీ మూసి ఉన్నాయి, ఆసియా, కామన్వెల్త్ క్రీడల్లో మనం ఎప్పుడూ స్వర్ణం గెలవని తలుపు ఒక్కటి తీశారు.

ఇంకోటి. ఆసియా క్రీడల్లో ఎవరు ఆడతారు? ఆసియావాళ్లు. కామన్వెల్త్‌లో ఎవరు? ఎక్కువగా ఒకప్పటి బ్రిటిషు పాలనలోని దేశాలు. ఈ రెండిటిలోనూ ఎవరు లేరు? ఈజిప్టు. ఇందాక గుర్తుపెట్టుకోమన్నాను చూడండి, అందుకే. ఈ రెండు క్రీడల్లో మన పతకాలన్నీ ఈజిప్టు లేని చోట గెలిచినవి. నేను తక్కువ చేసి మాట్లాడుతున్నానని అనుకోకండి. మలేషియాని, పాకిస్తాన్‌ని, ఇంగ్లండ్‌ని ఓడించడం చిన్న విషయం కాదు. 2022 బర్మింగ్‌హామ్‌లో ఘోషాల్ ఇంగ్లండ్ ఆటగాడు జేమ్స్ విల్‌స్ట్రాప్‌ని ఓడించి సింగిల్స్ కాంస్యం గెలిచాడు, కామన్వెల్త్‌లో మనకి మొదటి సింగిల్స్ పతకం అది. విల్‌స్ట్రాప్ ఒకప్పటి ప్రపంచ నంబర్ వన్. కానీ లాస్ ఏంజెలెస్ వేరు. అక్కడ ఈజిప్టు ఉంటుంది.

ఎందుకు సింగిల్స్ ఒక్కటే? ఒలింపిక్స్‌కి వచ్చే క్రీడాకారుల సంఖ్యకి పరిమితి పెట్టుకున్నారు. కొత్త ఆట ఎంత తక్కువమందితో సర్దుకుంటే అంత తేలిగ్గా లోపలికి వస్తుంది. ముప్ఫై రెండు మందితో మొత్తం ఆట అయిపోతుంది, ఇంత చవగ్గా ఏ ఆట వస్తుంది చెప్పండి? యూనివర్సల్ స్టూడియోస్ ఆవరణలో, సినిమా సెట్టింగుల మధ్య పోటీలు పెడుతున్నారు. అంటే ఒకప్పుడు కెమెరాకి పనికిరాదన్న ఆటని తీసుకెళ్లి స్టూడియోలోనే పెట్టారు. ఇది మటుకు నాకు భలే నచ్చింది.

అలాగని మనకి ఆశ లేదా? ఉంది. 2025 డిసెంబర్‌లో చెన్నైలో ప్రపంచ కప్ జరిగింది, ఇద్దరు మగవాళ్లు, ఇద్దరు ఆడవాళ్లు కలిసిన జట్ల పోటీ. ఫైనల్లో హాంకాంగ్‌ని ఓడించి మనవాళ్లు మొదటిసారి గెలిచారు. జోష్నా, అభయ్, వేలవన్ సెంథిల్‌కుమార్, అనాహత్. అనాహత్‌కి 2028 వచ్చేసరికి ఇరవై ఏళ్లు. ఆ అమ్మాయి వయసు సరిగ్గా సరిపోయింది. ఘోషాల్‌కి సరిపోలేదు. 2024లో ప్రొఫెషనల్ టూర్ నుంచి తప్పుకుంటున్నానని ప్రకటించాడు. పుట్టిన తేదీ కూడా ఆటలో భాగమైపోతోంది, అది ఎవరి చేతుల్లో ఉంటుంది చెప్పండి?

చెన్నై అంటే ఒక సంగతి. జోష్న, దీపిక, అభయ్ అందరూ చెన్నైవాళ్లే. ఘోషాల్ కోల్‌కతా నుంచి చెన్నై వచ్చి నేర్చుకున్నాడు. ఇదేమన్నా మాయా? అక్కడ ఈ శతాబ్దం మొదట్లోనే ఒక స్క్వాష్ అకాడమీ కట్టారు, కోర్టులు పెట్టారు, కోచ్‌లని పెట్టారు, అంతే. షటిల్‌కి హైదరాబాద్ ఎలాగో స్క్వాష్‌కి చెన్నై అలాగ. మరి షటిల్ ఒలింపిక్స్‌లో ఎప్పుడు చేరింది? 1992 బార్సిలోనాలో. సైనా కాంస్యం 2012లో. సింధు రజతం 2016లో. చేరిన ఇరవై ఏళ్లకి మొదటి పతకం. స్క్వాష్‌కి అంత టైమ్ ఇస్తారా? అక్కడే అనుమానం. ఎందుకంటే లాస్ ఏంజెలెస్ పిలుపు లాస్ ఏంజెలెస్ వరకే. 2032 బ్రిస్బేన్‌లో ఉంటుందన్న హామీ ఆ పిలుపులో లేదు.

నమ్మకం లేకపోతే కామన్వెల్త్ చూడండి. 1998 నుంచి 2022 దాకా ప్రతిసారీ స్క్వాష్ ఉంది. 2026 క్రీడలు నిజానికి ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో జరగాలి. ఖర్చు భరించలేమని 2023లో వాళ్లు తప్పుకున్నారు. గ్లాస్గో ముందుకొచ్చింది, కానీ పది ఆటలే పెడతానంది. ఏవి పోయాయి? హాకీ, బ్యాడ్మింటన్, కుస్తీ, టేబుల్ టెన్నిస్, క్రికెట్, స్క్వాష్. దీపిక, జోష్న కామన్వెల్త్ స్క్వాష్‌లో మనకి మొదటి స్వర్ణం గెలిచిన అదే గ్లాస్గోలో స్క్వాష్ లేదు. ఎవరో తప్పు చేశారని కాదు, ఆట పాడైందని కాదు. బడ్జెట్ చిన్నదైంది.

అందుకని నేను కుర్రాళ్లకి, ముఖ్యంగా పిల్లల్ని ఆటల్లో పెట్టాలనుకునే తల్లిదండ్రులకి ఒకటే చెప్తాను. ఒలింపిక్స్‌లో చేరింది కదా అని స్క్వాష్‌లో పెట్టకండి. పిల్లకి ఆ బంతి చప్పుడు నచ్చిందా, గంటసేపు గోడకేసి కొట్టినా విసుగు రావట్లేదా, అప్పుడు పెట్టండి. ఒలింపిక్ జాబితా నాలుగేళ్లకోసారి మారుతుంది.

ఇంకొక్క విషయం చెప్పి ముగిస్తాను, మీ ప్రశ్నలకి టైమ్ ఉంచాలి. 2030 కామన్వెల్త్ క్రీడలు అహ్మదాబాద్‌లో. ఇందాకటి నుంచి ఆతిథ్యం ఇచ్చేవాడి ఇష్టం, ఆతిథ్యం ఇచ్చేవాడి ఇష్టం అంటున్నాను కదా, ఈసారి ఆ ఆతిథ్యం ఇచ్చేది మనమే. స్క్వాష్ ఉండాలా, ఉంటే సింగిల్సేనా, డబుల్స్ కూడా ఉండాలా, ఇవన్నీ అడగాల్సింది మనవాళ్లే. డబుల్స్ పెట్టకపోతే నష్టపోయేది కూడా మనమే. ఆ, అడగండి, వెనకాల ఎవరో చెయ్యెత్తారు.